ఒక టోకెన్‌కి ఒకే పన్ను

నెలలో రెండో శనివారం పొద్దున తొమ్మిదిన్నరకల్లా మా మ్యూజియం మెట్ల కింద గదిలో బల్ల లాంపు వెలిగించుకుని కూర్చుంటాను. ఎదురుగా భూతద్దం, చిన్న పళ్లెం, మెత్తటి బ్రష్షు, రిజిస్టరు ఉంటాయి. బయట వరండాలో జనం ఉంటారు. ఎవరికి ఏ రాయి దొరికినా, ఏ ఎముక దొరికినా తెచ్చి నా ముందు పెట్టవచ్చు. అదేమిటో నేను చెప్పాలి. ఈ సేవ ఉచితం. ఉచితం కాబట్టే ఇంతమంది వస్తారని మా వాచ్‌మన్ అభిప్రాయం.

వచ్చేవాటిలో ముప్పాతిక మువ్వీసం సొరచేప పళ్లే. ఊరికి అరగంట దూరంలో ఏరు మలుపు తిరిగేచోట గట్టు కోసుకుపోయి బూడిదరంగు బంకమట్టి పొర బయటపడింది. కోటిన్నర ఏళ్ల కిందట అదంతా సముద్రం. సొరచేపకి మనలా రెండు విడతల పళ్లతో సరిపెట్టుకునే ఖర్మ లేదు. ముందుపన్ను రాలగానే వెనక సిద్ధంగా ఉన్నది ముందుకొస్తుంది, దాని వెనక ఇంకోటి ఉంటుంది. బతికినన్నాళ్లూ రాలుస్తూనే ఉంటుంది. అందుకని వాన పడ్డప్పుడల్లా ఆ గట్టు మీద నల్లగా, నున్నగా, గోరంత నుంచి బొటనవేలంత దాకా రాయైపోయిన పళ్లు తేలతాయి. వాటిని ఏరుకోవడం మా ఊళ్లో చాలామందికి వ్యసనం.

వ్యసనం ఉన్నచోట కళ్లు కనపడవు. ఒక టైలరమ్మ ఆరు నెలలు వరసగా కోటు గుండీ ముక్కలు తెచ్చింది. ఒక లారీ డ్రైవరు అరచేతి వెడల్పు తెల్లటి పన్ను ఒకటి పసిపిల్లని ఎత్తుకొచ్చినట్టు తువ్వాల్లో చుట్టుకుని తెచ్చాడు. నేను దాన్ని తిరగేసి, "ఇది బాత్రూం సింకు ముక్కండీ, వెనకాల కంపెనీ ముద్ర కూడా ఉంది" అన్నాను. అతను నా వంక అనుమానంగా చూసి ఇంకెక్కడైనా అడుగుతానన్నాడు. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్లు మరి. నాకు ముక్కు మీదే కోపమని ఊరంతా చెప్పుకుంటారు. ఇరవై రెండేళ్లు గుండీలకీ సింకులకీ సమాధానం చెప్పి చూడండి, మీ కోపం ఎక్కడుంటుందో మీకే తెలుస్తుంది.

వీటికి తోడు డబ్బాలకి డబ్బాలు కుమ్మరించేవాళ్లు ఒకరు. నాలుగేళ్ల కిందట ఒకాయన బిస్కెట్ల డబ్బాలో నూట నలభై పళ్లు తెచ్చి నా బల్ల మీద బోర్లించాడు. అవన్నీ చూసేసరికి మధ్యాహ్నమైంది, వరండాలో జనం సగంమంది తిట్టుకుంటూ వెళ్లిపోయారు. సోమవారం రాగానే గోడ మీద పెద్దక్షరాలతో రాయించాను: 'ఒక టోకెన్‌కి ఒకే పన్ను. ఒక మనిషికి ఒకే టోకెన్.' ఆ డబ్బా ఆయన ఎవరో కాదు, మా బావగారు.

బావగారంటే మా అక్క మొగుడు. పళ్ల డాక్టరు. ముప్పై ఆరేళ్లు ఊరి పళ్లన్నీ ఆయన చేతిలోనే బాగుపడ్డాయి, లేదా ఊడాయి. నాలుగేళ్ల కిందట కుడిచెయ్యి సన్నగా వణకడం మొదలైంది. ఎవరూ చెప్పకముందే క్లినిక్‌కి తాళం వేసేశారు. "నోరు తెరుచుకుని నన్ను నమ్మి పడుకున్న మనిషి కదమ్మా" అని ఒక్కమాట అన్నారు, అంతే. గోడ మీద బోర్డు ఊడదీసి ఇంటికి తెచ్చారు. అది ఇప్పటికీ బీరువా వెనక గోడవైపు తిరిగి ఉంది. "ఇప్పుడు నా పేరు ఎక్కడా రాసి లేదు. కరెంటు బిల్లు కూడా మీ అక్క పేరు మీదే వస్తుంది" అని నవ్వుతూ అన్నారు ఒకరోజు. నేను నవ్వాను గానీ ఆయన నవ్వు తొందరగా ఆగిపోయింది. అప్పుడే నాకు అర్థమైంది, అది జోకు కాదని.

ఆ పేరు ఎక్కడ రాయించుకోవాలో ఆయన అప్పటికే నిర్ణయించుకున్నారు. మా మ్యూజియంలో మెట్లెక్కగానే ఎదురుగా అద్దాల బీరువా ఉంటుంది. దాని మధ్య అర ఆ ఏడు దొరికిన విశేషాలకి. ఒక్కోదాని పక్కన ఒక చీటీ పెడతాం. అందులో పైన ఆ ప్రాణి పేరు, కింద 'సేకరణ' అని దొరికించుకున్న మనిషి పేరు, దాని కింద 'గుర్తింపు' అని అదేమిటో తేల్చిన మనిషి పేరు ఉంటాయి. గుర్తింపు దగ్గర ఇరవై రెండేళ్లుగా నా పేరే ఉంది. సేకరణ దగ్గర ఒక్కసారి, ఒకే ఒక్కసారి తన పేరు పడాలని బావగారి కోరిక. దానికోసం ప్రతి ఆదివారం ఆ గట్టంతా ఈ చివరి నుంచి ఆ చివరిదాకా వంగి నడుస్తారు. ప్రతి రెండో శనివారం నా దగ్గర టోకెను తీసుకుంటారు.

తెచ్చే పన్ను కడిగి, తుడిచి, పక్కన చీటీ కూడా జతచేసి తెస్తారు. చీటీ ఎలా ఉంటుందంటే: 'పై దవడ, ఎడమవైపు. వయసు కోటిన్నర. బాధ: కొన విరిగినది. సలహా: గట్టి వస్తువులు కొరకరాదు.' వరండాలో జనం పగలబడి నవ్వుతారు. నేను పళ్లు నూరుకుంటాను. ఇంటి దగ్గర నన్ను 'మరదలా' అని పిలిచే మనిషి, ఇక్కడ చేతులు కట్టుకుని నిలబడి 'మేడమ్' అంటారు.

ఏం చెయ్యను? ఆయనకి దొరికేవన్నీ ఇసుకసొర పళ్లే. ఆ గట్టు మీద గులకరాళ్లకన్నా అవే ఎక్కువ. అవి బీరువాలో పెట్టడానికి పనికిరావు. మా బావగారు కాబట్టి నేను ఇంకాస్త బిగుసుకునే ఉన్నాను. పెరటి చెట్టు మందుకి పనికిరాదంటారు. నేనైతే పెరటి చెట్టుని రెండుసార్లు గీకి చూస్తాను. రేపు ఎవరైనా 'సొంత బావ కదా, పెట్టేసుకుంది' అంటే నా ఇరవై రెండేళ్లూ ఏట్లో కలుస్తాయి.

కొన్ని నెలలు ఇసుకసొర కూడా దొరక్క ఏదో వంకరటింకర పన్ను పట్టుకొచ్చేవారు. కొన పక్కకి తిరిగి, ఒకవైపు గాడి పడి, చూడ్డానికే అసహ్యంగా ఉండేది. "వంకర. పనికిరాదు" అని రిజిస్టరులో రాసి వెనక్కి ఇచ్చేసేదాన్ని. దాన్ని జేబులో వేసుకుని వెళ్లేవారు.

మా అక్క మాత్రం ఈ పళ్ల గొడవలో వేలు పెట్టదు. కారు నడపడం తనే కాబట్టి ఆదివారం ఏటికి తీసుకెళ్తుంది, శనివారం నా దగ్గరికి తీసుకొస్తుంది. ఏటి దగ్గర మడత కుర్చీ వేసుకుని కూర్చుంటుంది, మ్యూజియంలో వరండా బెంచీ మీద కూర్చుంటుంది. "కందకి లేని దురద కత్తిపీటకెందుకే" అంటుంది ఏమైనా అడిగితే.

నేను చెప్పబోయేది ఏడాదిలో ఆఖరి రెండో శనివారం సంగతి. ఆ సాయంత్రం మధ్య అర సర్ది తాళం వేస్తే మళ్లీ ఏడాదికి గానీ తియ్యం. వచ్చే ఏడాదికి బావగారు ఆ గట్టు దిగే పరిస్థితిలో ఉండరని మోకాళ్ల డాక్టరు అంతకు వారం ముందే తేల్చి చెప్పాడు. అక్క ఫోన్ చేసి చెప్పింది. "అయితే ఇదే ఆఖరుసారి అన్నమాట" అంది. ఆ రాత్రి చాలాసేపు పక్కమీద దొర్లాను. ఆయన ఏదో ఒక మంచి పన్ను తెస్తే బాగుండు, ఈసారైనా తెస్తే బాగుండు అని నాకూ ఉంది. పైకి అనను, అంతే.

ఆయన టోకెను పద్నాలుగు. ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చారు. అట్టపెట్టె ఒకటి బల్ల మీద పెట్టి, "నమస్కారం మేడమ్" అన్నారు.

"టోకెను ఇవ్వండి."

ఇచ్చి పెట్టె మూత తీశారు. లోపల గులాబిరంగు మైనం ముద్ద ఉంది, కట్టుడు పళ్లు అమర్చేవాళ్లు వాడేది. అందులో ఆరు పళ్లు ఒకదాని వెనక ఒకటి వరసగా గుచ్చి ఉన్నాయి. ఆరూ వంకరవే. ఆ ఆరింటినీ నేను బాగా ఎరుగుదును.

నాకు ఒళ్లు మండిపోయింది. ఇదే ఆఖరి అవకాశమని తెలిసి, ఈయన తెచ్చేది ఇదా?

"బావగారూ, ఆ గోడ మీద ఏం రాసుందో చదవండి."

"ఒక టోకెన్‌కి ఒకే పన్ను."

"ఇవెన్ని?"

"ఆరు."

"పైగా ఆరింటినీ నేను వద్దన్నాను. వద్దన్నవాటిని మైనంలో గుచ్చితే ముద్దొస్తాయా? వరండాలో ఇంకా పాతికమంది ఉన్నారు. వాళ్లు మనుషులు కారా?"

వెనక పదిహేనో టోకెను లారీ డ్రైవరుది. "పెద్దాయన కదా మేడమ్, ఒకసారి చూడండి" అన్నాడు.

"మీరు మీ సింకు సంగతి చూసుకోండి" అన్నాను. అతను ఒకడుగు వెనక్కి వేశాడు.

బావగారు మాత్రం కదల్లేదు. చేతులు కట్టుకోలేదు, మేడమ్ అనలేదు. బల్ల అంచు పట్టుకుని కొంచెం ముందుకి వంగారు. క్లినిక్‌లో కుర్చీ వెనక్కి వాల్చి రోగి మీదకి వంగేటప్పుడు ఆయన మొహం అలాగే ఉండేది. నేను చూసి నాలుగేళ్లయింది.

"నేను ఆరు పళ్లు తేలేదమ్మా. ఒక రోగిని తెచ్చాను. ఒక రోగికి ఒకే టోకెను కదా."

"ఏమిటీ?"

"ఆరు వేరువేరు నెలల్లో ఒక్కోటి చూశావు. ఒక్కోటీ వంకరే, నువ్వన్నది నిజమే. అన్నీ కలిపి ఇప్పుడు చూడు. వంకర ఎటు తిరిగింది?"

చూశాను. ఆరింటికీ కొన ఎడమకే తిరిగింది.

"గాడి ఎక్కడుంది?"

భూతద్దం తీశాను. ఆరింటికీ గాడి ఒకేవైపు, ఒకే ఎత్తులో, ఒకే వాలులో ఉంది. ఒకే మనిషి ఆరు కాగితాల మీద సంతకం పెట్టినట్టుంది.

"చిగురులో ఏదో దిగింది దీనికి" అన్నారు బావగారు. "ఏ చేప ముల్లో అయ్యుంటుంది. పన్ను తయారయ్యే చోటే గాయమైంది. ఇక అక్కడ పుట్టే ప్రతి పన్నూ ఆ గాయం మీదుగానే రావాలి. పాపం, ఎన్నాళ్లు బాధపడిందో. మా దగ్గరికి అలాంటి కేసు ఒకటొచ్చింది, చిన్నప్పుడు సైకిలు మీద నుంచి పడ్డ అమ్మాయి."

"సైకిలు సంగతి తర్వాత చెప్పండి. వెనకది చూడనివ్వండి" అన్నాను. నా గొంతు అప్పటికే మారిపోయింది.

అన్నిటికన్నా వెనకున్న ఆరో పన్ను తిరగేశాను. కింద వేరు లేదు. లోపల డొల్లగా ఉంది. గుడ్డుపెంకంత పల్చటి పన్ను.

"అది ఇంకా నోట్లోకి రాలేదు" అన్నారు ఆయన మెల్లగా. "చిగురు లోపలే ఉంది. అలాంటిది రాలదు కదా మరదలా. అంటే..."

అంటే ఏమిటో నాకు చెప్పక్కర్లేదు. తయారుకాని పన్ను రాలి పడదు. ఆ సొర అక్కడే చచ్చిపోయింది. దవడ దవడంతా అక్కడే పూడిపోయింది. మేమందరం ఇన్నేళ్లుగా ఏరుతున్నవి విడి పళ్లు. ఒక్క ప్రాణి నోట్లో పళ్లు ఒకదాని వెనక ఒకటి దొరకడం ఆ గట్టు మీద ఎవరూ ఎరగరు.

రిజిస్టరు వెనక్కి తిప్పాను. నా చేతి రాతే. నాలుగేళ్లలో ఆరుచోట్ల ఉంది. వంకర, పనికిరాదు. వంకర, పనికిరాదు. ఆరో దాని ఎదురుగా ఇంకాస్త తెలివి చూపించాను: డొల్ల కూడా, పనికిరాదు. ఒక్కొక్కటిగా చూడాలని రూలు పెట్టింది నేనే. రెండు పక్కపక్కన పెట్టి చూసే అవకాశం నాకు నేనే లేకుండా చేసుకున్నాను. ఆయన అందరి చేతా నవ్వించుకుంటూ ఆ రూలు పాటించారు.

నాకు తల కొట్టేసినట్టయింది. వరండాలో అందరూ మెడలు చాచి వింటున్నారు. తప్పు ఒప్పుకోవడం నాకు అలవాటు లేని పని. మా అమ్మ బతికున్నప్పుడు కూడా ఒప్పుకుని ఎరగను.

లేచి నిలబడ్డాను. "తప్పు నాది బావగారూ" అన్నాను, గట్టిగా, వరండాలో ఆఖరు మనిషికి కూడా వినపడేలా. "ఆరుసార్లు మీరు మంచి పన్ను తెచ్చారు. ఆరుసార్లు నేనే గుడ్డిదాన్నయ్యాను. ఇవి ఇవాళే మధ్య అరలోకి వెళ్తాయి."

లారీ డ్రైవరు చప్పట్లు కొట్టాడు. టైలరమ్మ కళ్లు తుడుచుకుంది. బావగారు మాత్రం చొక్కా కాలరు సర్దుకుని, దగ్గి, మళ్లీ కాలరే సర్దుకున్నారు. అంత సంతోషం ఆయన మొహాన మా అక్క పెళ్లి ఫోటోలో కూడా లేదు.

ఇక మిగిలింది ఫారం. బీరువాలోకి వెళ్లేదానికి ఒక ఫారం నింపాలి: ఎవరికి దొరికింది, సరిగ్గా ఎక్కడ, ఎలా. కింద సంతకం. కలం చేతికిచ్చాను.

"సరిగ్గా ఎక్కడో రాయాలి. అదే ముఖ్యం. రేపు పొద్దున్నే మనుషుల్ని తీసుకెళ్లి తవ్విస్తాను. మిగతా దవడ ఇంకా మట్టిలో ఉండి తీరుతుంది. ఆరూ ఒకే చోట దొరికాయి కదా?"

"ఒకే చోటే."

"ఒకదానికొకటి ఎంత దూరంలో?"

"దగ్గరే. చెయ్యి చాచినంత దూరంలో."

అప్పుడు నాకు అనుమానమొచ్చింది. ఆ అనుమానం రాకపోయినా బాగుండేదని ఆ క్షణంలో అనిపించింది. బావగారు ఒకచోట నిలబడే మనిషి కారు. ఆ గట్టంతా ఎన్నిసార్లు కొలిచారో లెక్కలేదు. నాలుగేళ్లలో ఆరుసార్లు చెయ్యి చాచినంత మేరలోనే ఆయనకి పన్ను ఎలా దొరుకుతుంది?

"మీకేనా దొరికింది?" అన్నాను. మామూలుగానే అడిగాను. తప్పు పట్టాలని కాదు.

కలం కాగితం మీద ఆగింది. 'సేకరణ' అన్న మాట పక్కనే ఆగింది.

"ఆయనకే దొరికాయి" అని వరండాలోంచి వినపడింది. అక్క. పేపరు మడిచి గుమ్మంలోకి వచ్చి నిలబడింది. "ఆయనవి కాక ఎవరివి? రిజిస్టరులో ఆయన పేరే కదే ఉంది. రాసుకో."

నిజమే. ఆరుచోట్లా ఆయన పేరే ఉంది. అడిగేవాళ్లు ఎవరూ లేరు. అడగాల్సిన దాన్ని నేను, నేను అప్పటికే రెండోసారి అడగకూడదని నిశ్చయించుకున్నాను. నా ఇరవై రెండేళ్లూ ఏట్లో కలిస్తే కలవనీ అనుకున్నాను. ఎవరితోనూ అనను గానీ అనుకున్న మాట నిజం.

బావగారు అక్క వంక చూశారు. తర్వాత కలం మూత పెట్టేశారు.

"నాకు ఒక్కటీ దొరకలేదు" అన్నారు. "ఆరూ మీ అక్కవే."

"ఏమండీ, మీరు ఊరుకోండి" అంది అక్క.

"ఊరుకుంటే రేపు వీళ్లు గట్టంతా తవ్వుకుంటూ కూర్చుంటారు. సరిగ్గా చోటు నాకు తెలియదు కదా, నీకే తెలుసు. నువ్వు కుర్చీలోంచి లేస్తే కదా" అన్నారు. తర్వాత నా వైపు తిరిగారు. "నేను ఆ చివరికి వెళ్లి వచ్చేసరికి, ఈవిడ కూర్చున్నచోటే గొడుగు కొనతో గెలికి ఒకటి తీసి పెట్టేది. నాకేమీ దొరకని నెలలో ఖాళీ చేతులతో వెళ్లకండి అని నా జేబులో వేసేది. నేను నా పేరు చెప్పి టోకెను తీసుకున్నాను. ఎలాగూ పనికిరాదంటావు కదా, ఎవరి పేరైతే ఏమిటిలే అనుకున్నాను. ఇప్పుడు పనికొచ్చింది. పనికొచ్చాక నాదనలేను."

తల దించకుండానే అన్నారు ఆ మాట.

నేను అక్క మీద పడ్డాను. "నీకెందుకే ఈ వంకరవి? ఏరితే మంచివి ఏరచ్చు కదా."

అక్క నవ్వింది. మా అక్కకి ముందుపన్ను ఒకటి పక్కదాని మీదకి ఎక్కి ఉంటుంది. పళ్ల డాక్టరుని చేసుకుని నలభై రెండేళ్లయినా దాన్ని ముట్టుకోనివ్వలేదు. "మంచివి అందరూ ఏరతారే. వంకరదాన్ని నేను కాకపోతే ఎవరేరతారు? ఈయన కూడా నన్ను అలాగే ఏరారు" అంది.

వరండాలో నవ్వులు లేచాయి. బావగారు కూడా నవ్వారు గానీ ఫారం వంక చూసినప్పుడు ఆ నవ్వు నిలవలేదు. కాగితం అక్క ముందుకి జరిపారు. అక్క వద్దంటే వద్దంది. నేను కసిరితే సంతకం పెట్టింది. సరిగ్గా ఎక్కడో కూడా రాసింది: 'పడిపోయిన మద్ది మొద్దుకి ఎడమ పక్క, రాళ్లు లేని చోట, కుర్చీ నాలుగు కాళ్లూ సమంగా ఆనేచోట.' నా ఉద్యోగంలో ఇంత ఖచ్చితమైన చిరునామా ఎవరూ రాసివ్వలేదు.

జనం వెళ్లేసరికి సాయంత్రం నాలుగైంది. మైనం ముద్దని అలాగే తీసుకెళ్లి మధ్య అరలో పెట్టాను. చీటీ రాయడానికి కూర్చున్నాను. బావగారు, అక్క మెట్ల మీద కూర్చున్నారు, ఇంటికి వెళ్లమన్నా వెళ్లకుండా. బావగారు కబుర్లు చెబుతున్నారు, మామూలుకన్నా ఎక్కువగానే. అంత ఎక్కువ ఎందుకు చెబుతున్నారో నాకు తెలుసు.

ప్రాణి పేరు రాశాను. సేకరణ పక్కన అక్క పేరు రాశాను. కింది వరసకి వచ్చేసరికి చెయ్యి అలవాటు చొప్పున నా పేరు మొదటి అక్షరం పెట్టబోయింది.

గుర్తింపు అంటే ఏమిటి? అదేమిటో మొదట తెలుసుకున్న మనిషి పేరు. నాకు ఆరు పళ్లు కనపడ్డాయి, ఆరుసార్లు. ఆ ఆరింటిలో ఒక నోరు కనపడింది ఆయనకి. ముప్పై ఆరేళ్లు నోళ్లలోకి చూసిన మనిషికి తప్ప ఎవరికీ కనపడేది కాదు. ఇందులో బావ లేడు, మరదలు లేదు. ఎవరైనా వచ్చి అడిగితే అడగనీ, రిజిస్టరు తెరిచి చూపిస్తాను.

ఆయన పేరు రాశాను. పేరు ముందు డాక్టర్ అని కూడా రాశాను, బోర్డు మీద ఉండేలాగే.

అరలో పెట్టి పిలిచాను. బావగారు కళ్లజోడు పెట్టుకుని చదివారు. తీసి తుడుచుకుని మళ్లీ చదివారు.

"ఇది నీ వరస కదా మరదలా" అన్నారు చివరికి.

"కాదు" అన్నాను. "చదవడం వచ్చు కదా మీకు. తాళం వెయ్యాలి, జరగండి."

జరిగారు. నేను తాళం వేసేదాకా ఆయన చెయ్యి అక్క భుజం మీదే ఉంది.

మర్నాడు కుర్చీ చోట తవ్వితే మూరెడు లోతున ఇంకో పద్దెనిమిది పళ్లు వరస తప్పకుండా దొరికాయి. అక్క పక్కన నిలబడి, "మెల్లిగా తవ్వండయ్యా, నా చోటు పాడుచెయ్యకండి" అని కూలీల్ని విసిగించింది.

తర్వాత రెండు వారాలకి ఒక ఆదివారం వాచ్‌మన్ నా గదికి వచ్చాడు. పళ్ల డాక్టరుగారు పొద్దుట్నుంచీ బీరువా ముందే నిలబడ్డారనీ, వచ్చినవాళ్లందరినీ ఆపి మాట్లాడుతున్నారనీ, వెనకవాళ్లకి ఏమీ కనపడటం లేదనీ ఫిర్యాదు. నాలుగు చీవాట్లు పెట్టి ఇంటికి పంపుదామని విసురుగా మెట్లెక్కాను.

ఎవరో దంపతులు అద్దంలోకి చూస్తున్నారు. బావగారు వాళ్ల పక్కన చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడి ఉన్నారు. చీటీలో అక్షరాలు చిన్నవి కాబట్టి ఆయనే చదివి వినిపిస్తున్నారు. ప్రాణి పేరు చదివారు. సేకరణ చదివారు. అక్క పేరు ఇంటిపేరుతో సహా, ఒక్కొక్క అక్షరం విడివిడిగా చదివారు.

"ఆవిడెవరండీ, ప్రొఫెసరుగారా?" అని అడిగింది ఆ భార్య.

"మా ఆవిడ" అన్నారు బావగారు.

"కింద ఇంకో పేరుందే?" అన్నాడు ఆ భర్త.

"ఆ, ఉందండీ. అది అంత ముఖ్యం కాదు" అని, మళ్లీ పై వరస దగ్గర వేలు పెట్టారు.

నేను ఆయన్ని ఏమీ అనకుండా వెనక్కి దిగి వచ్చేశాను.